పైపులైనులో నున్న అర్జీ

కోనసీమలోని యొక గ్రామమునుండి వృద్ధుడగు రైతొకరు గత వేసవిలో మా పట్టణపు పఠనమందిరమునకు వచ్చిరి. ఆయన చేత మడతలు పడిన కాగిత మొకటి యుండెను. తండ్రి పేరనున్న యెకరమున్నర పొలమును తన పేర మార్పించుకొనుటకై యాయన కచేరిలో అర్జీ పెట్టుకొని 11 నెలలైనదట. దానికి వచ్చిన ప్రత్యుత్తరమది. తెలుగులోనే యున్నది. అచ్చుతప్పులైనను లేవు. "తమ దరఖాస్తు ప్రస్తుతము పైపులైనులో నున్నదని తెలియజేయడమైనది" అని యందు వ్రాసియుండెను.

"ఏమండీ, అయితే మా చేలోంచి గొట్టం వేస్తారాండీ?" అని యాయన మమ్మడిగిరి.

గదిలోని వారు నవ్విరి. దాచనేల, మేమును నవ్వితిమి. ఆయన మాత్రము నవ్వలేదు. ఆయన గ్రామము నగరమునకు మిక్కిలి దూరము కాదు. 2014 జూన్ 27వ తేదీని తెల్లవారుజామున ఆ గ్రామమున సహజవాయువు గొట్టము ప్రేలి, మంటలు ఇండ్లను కొబ్బరితోటలను చుట్టుకొని, 20 మందికి పైగా మరణించిరి. నిద్రలో నున్నవారు నిద్రలోనే మాడిపోయిరి. ఆ మంటలు చూచినవానికి పైపులైనను మాట యలంకారము కానేరదు. తన యెకరమున్నర మీదుగా ఏదో గొట్టము రానున్నదని యాయన ఆ కాగితము చేతికి వచ్చిన నాటనుండి నిద్రలేక యుండెనని తెలిసికొన్న పిమ్మట మా నవ్వు మాకే సిగ్గు తెచ్చెను.

ఆ యుత్తరము వ్రాసిన గుమాస్తా తెలుగు రానివాడు కాడు. ఇంటికి పోయి ఆలుబిడ్డలతో చక్కని గోదావరి తెలుగే మాటలాడును. కాని కుర్చీలో కూర్చుండగానే ఆతని యెదుట ఇంగ్లీషు నమూనా యొకటి ప్రత్యక్షమగును. దానిని మాటకు మాటగా దించును. 'ఇన్ ది పైప్‌లైన్' అనునది, పని సాగుచున్నది గాని యింకను చేరలేదు అను నర్థమున ఇంగ్లీషువారు వాడుకొను నుడికారము. వారికది తేటతెల్లము. ఎందుకు తేటతెల్లమో తెలియవలెనన్న 1865 నాటి అమెరికాకు పోవలెను.

పెన్సిల్వేనియా రాష్ట్రమందు పిట్‌హోల్ అను నొక నూనెబావుల యూరుండెను. అచ్చటినుండి రైలుదారి వఱకు సామ్యుయల్ వాన్ సైకెల్ అను వర్తకుడు ఆ సంవత్సరమున సుమారు 5 మైళ్ళ పొడవున రెండంగుళముల యినుపగొట్టము వేయించెను. అంతకు ముందు ఆ నూనెను పీపాలలో నింపి గుఱ్ఱపుబండ్లపై బురదదారుల వెంట తోలుచు వందలకొలది బండివాండ్రు బ్రదుకుచుండిరి. గొట్టములో నూనె పాఱ నారంభింపగానే తమ కూటికుండకు చిల్లి పడినదని వారు గ్రహించిరి. రాత్రులందు గొట్టమును త్రవ్వి విఱుగగొట్టిరి. తుపాకులవారిని కావలి పెట్టవలసి వచ్చెను. తుదకు గొట్టము నిలిచెను, బండివాండ్రు చెదరిపోయిరి. తరువాత ననేక దశాబ్దములకు ఆ గొట్టము కచేరి బల్లపై కెక్కి, రానున్న పనికి మారుపేరైనది. బండివాండ్ర సంగతి యెవ్వరికిని జ్ఞప్తిలో లేదు.

ఈ గొట్టపు కథ యొక్కటియే కాదు. ఇంగ్లీషు కచేరి మాటలలో దేనిని త్రవ్వినను అడుగున నొక కూలివాడో, నావికుడో, ఖైదీయో కనబడుచున్నాడు. నుడికారము పనిచేయువాని దేహమునుండి పుట్టి, పని చేయించువాని నోట స్థిరపడుచున్నది. మేము ఇంగ్లీషునకు శత్రువులము కాము. ఆ భాష యెడల మాకు గల తగవు వేఱు. 1844లో గవర్నరు జనరలు హార్డింజి ప్రభువు, సర్కారు కొలువులలో ఇంగ్లీషు చదివినవారికే మొదటి పీట వేయవలెనని తీర్మానించిన నాటనుండి మనకది కవుల భాష కాక ముందే కచేరి భాష యైనది. జీతముకొఱకు నేర్చిన భాషను ప్రశ్నించు నలవాటు జీతగానికి రాదు. ఏ మాట యేచ్చట పుట్టినదని యడుగుటకు మనకు తీరికయే చిక్కలేదు. ఇప్పుడైనను కొన్ని మాటల పుట్టుపూర్వోత్తరములు విచారింతము.

కొలువులో క్రొత్తగా చేరినవాడు పని తెలిసికొన్నచో, వాడు త్రాళ్ళు నేర్చినాడని ఇంగ్లీషువా రందురు. అవి తెరచాప యోడల త్రాళ్ళు. పెద్ద యోడపై నూటికి మించిన త్రాళ్ళుండును. చీకటిలో, పెనుగాలిలో, ఏ త్రాడు లాగిన నే చాప దిగునో కన్ను కాదు, చేయి యెఱిగియుండవలెను. పొరపాటైనచో ప్రాణమే పోవును. 1834లో హార్వర్డు విద్యార్థియగు రిచర్డు హెన్రీ డేనా కండ్లు దెబ్బతిని చదువు మాని, పిల్‌గ్రిం అను నోడలో సామాన్య నావికుడుగా చేరి బోస్టనునుండి బయలుదేరెను. ఆ యనుభవములను 1840లో గ్రంథముగా ప్రకటించెను. త్రాళ్ళు తెలియుట యను ఈ పలుకుబడి యా గ్రంథమున గలదు. కప్తాను ఇరువురు నావికులను కట్టించి కొరడాతో కొట్టిన ఘట్టమును ఆ గ్రంథముననే గలదు. చలువగదిలో తిరుగుడు కుర్చీపై కూర్చున్న యుద్యోగి నేడు ఈ మాటను చిఱునవ్వుతో పలుకుచున్నాడు. మనవారు దీనినే ఓనమాలు దిద్దుట యందురు. వారి బడి ఓడ, మన బడి యిసుకపలక. ఓడలు మనకును లేకపోలేదు. కోరంగిలో ఓడలు కట్టి సముద్రము దాటిన తెలుగువారి నోట త్రాళ్ళకు తెరచాపలకు ఎన్ని పేర్లుండెడివో, 1839 నాటి యుప్పెనలో ఆ రేవుతోపాటు వానిలో నెన్ని మునిగినవో!

పనివాండ్రను 'చేతులు' అని పిలుచుట మఱియొకటి. మిల్లునకు 300 చేతులు కావలెనందురు. చేతుల వెనుక మనుష్యులున్నారను తలంపు ఆ మాటలో లేదు. చార్లెసు డికెన్సు 1854లో వ్రాసిన 'హార్డ్ టైమ్స్' నవలలో ఈ మాటను పట్టుకొని యజమానులను ఎత్తిపొడిచెను. పనివాండ్రకు చేతులును కడుపులును తప్ప మఱేమియు లేకున్న వారికి మఱింత సుఖముగా నుండెడిదన్నట్లు ఆయన వ్యంగ్యము. తెలుగున మనము 'చేతిక్రింది మనిషి' యందుము. క్రింద నున్నను వాడు మనిషిగానే మిగిలినాడు. అంతమాత్రమున మనము మురిసిపోవ నక్కఱలేదు. 'గొడ్డుచాకిరి' మన మాటయే. 'వెట్టిచాకిరి' మన మాటయే. 1946లో తెలంగాణ రైతులు తిరుగబడువఱకు ఆ గ్రామములలో వెట్టి యనునది యలంకారము కాదు, దినదినము తెల్లవారగనే గుమ్మమున నిలిచిన పిలుపు.

ఇక అన్నిటికంటె నెక్కువగా వినబడు మాట 'డెడ్‌లైను'. హైదరాబాదు మేడలలో కంప్యూటరు కొలువులు చేయు యువకులనోట నిది రోజునకు పదిసార్లు వినవచ్చును. దీనికి మాటకు మాట తెలుగు చేసినచో మృత్యురేఖ యగును. ఇది యతిశయోక్తి కాదు, చరిత్ర. అమెరికా అంతర్యుద్ధకాలమున 1864 ఫిబ్రవరిలో దక్షిణపక్షమువారు జార్జియా రాష్ట్రమందలి ఆండర్సన్‌విల్లిలో ఉత్తరపక్షపు సైనికులకొఱకు చెఱసాల తెఱచిరి. చెఱసాల యనుటకు అచ్చట కప్పు లేదు. ఎత్తయిన దుంగల ప్రాకారము, లోపల బురద, బురదలో మనుష్యులు. యుద్ధము ముగియులోపల సుమారు 45,000 మంది అందు బంధింపబడగా, దాదాపు 13,000 మంది ఆకలిచేతను, జిగట విరేచనములచేతను, ఇతర రోగములచేతను చనిపోయిరి. ప్రాకారమునకు లోపల సుమారు 19 అడుగుల దూరమున గుంజలు పాతి వానిపై సన్నని చెక్కపట్టె కొట్టిరి. ఆ పట్టె దాటినవానిని కావలివాడు తుపాకితో కాల్చును. మంచినీటికై దానిక్రింద చేయి చాచినవారిని సైతము కాల్చిరని బ్రదికివచ్చినవారు చెప్పిరి. ఆ పట్టె పేరు డెడ్‌లైను. ఆ చెఱసాల యధికారియగు హెన్రీ వర్జును 1865 నవంబరులో ఉరితీసిరి. విచారణలో అతనిపై మోపిన నేరములలో ఈ రేఖయు నున్నది.

పిదప ఆ మాట అచ్చుయంత్రముపై అక్షరములు దాటరాని గీతకు పేరైనది. 20వ శతాబ్దపు తొలి దశకములలో అమెరికా పత్రికాలయములవారు వార్త చేరవలసిన వేళకు దానిని వాడిరి. అచ్చటినుండి లోకమంతటికిని ప్రాకినది. అనగా దీనిని వ్యాపింపజేసినది మా వృత్తివారే. ఈ పాపములో మాకును పాలు గలదు.

తెలుగున దీనికి 'గడువు' అని యున్నది. గడచు కాలమునుండి వచ్చిన మాట యది. గడువు అడుగవచ్చును, ఇయ్యవచ్చును, పెంచవచ్చును. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఇరువురును అందు కనబడుదురు. మృత్యురేఖలో తుపాకివాడొక్కడే కనబడును. అయినను గడువు చెప్పుట మనకు చేతకాని విద్య యని యొప్పుకొనవలెను. మీనమేషములు లెక్కించుట మన నుడికారమే గదా. పనికి ముహూర్తము చూచువాడు పంచాంగమందలి రాసులనన్నిటిని వరుసగా లెక్కించుచు కూర్చుండునట! కోనసీమ రైతు పదునొకండు నెలలు చూచినదదియే. కావున గీత గీయుటయే దోషమని మేమనము. ఎవరిచుట్టు గీచుచున్నారనునదే ప్రశ్న. 2005 నాటి సమాచారహక్కు చట్టము అధికారియే 30 దినములలో బదులియ్యవలెనని గీత గీచినది. కారణములేని యాలస్యమునకు దినమునకు 250 రూపాయల వంతున 25,000 రూపాయలవఱకు అధికారి జేబునుండియే జుల్మానా పెట్టినది. పౌరునిచుట్టు కాక కచేరిచుట్టు గీచిన అట్టి గీతలు మనదేశమున అరుదు. అర్జీదారుచుట్టు గీచినవి కోకొల్లలు.

ఈ ప్రకరణముననే 'రెడ్ టేపు' రావలెను. ఇంగ్లండున న్యాయస్థానపు కాగితములను, సర్కారు దస్తరములను ఎఱ్ఱని నాడాతో కట్టుట పూర్వాచారము. నాడా విప్పుట, చదువుట, మరల కట్టుట, పై గదికి పంపుట, ఇంతలో ప్రొద్దు గ్రుంకుట. 19వ శతాబ్దమున డికెన్సును, కార్లైలును ఈ నాడాను ఎత్తి చూపి కచేరి జాప్యమునకు దానినే పేరుగా స్థిరపఱచిరి. డికెన్సు 1855 మొదలు 1857 వఱకు ప్రకటించిన 'లిటిల్ డారిట్' నవలలో సర్కమ్‌లొక్యూషన్ ఆఫీసను నొక కచేరిని కల్పించెను. పనిని ఎట్లు చేయకుండ నుండవలెనో ఆ విద్యయం దారితేఱిన కచేరి యది. తమ కచేరులను తమవారే యిట్లు నవ్విపోయినను, ఆ నాడానే ఓడలకెత్తించి హిందూదేశమునకు పంపిరి. 1947లో వారు పోయిరి, నాడా మిగిలెను. దానిని మన పత్రికలు ఎఱ్ఱనాడా, ఎఱ్ఱటేపు అని వ్రాయుచున్నవి. పల్లెటూరివానికి ఎఱ్ఱనాడా యన్న తన లాగుకు కట్టుకొనునది. వానికి తెలిసిన మాట వేఱు: దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని వాడనును. మంత్రి ఉత్తర్వు చేసినను గుమాస్తా కాగితము కదలింపకున్నప్పుడు ఇంతకంటె చక్కగా చెప్పిన మాట ఏ నిఘంటువుననైనను గలదా? ఇందు నాడా లేదు, మనుష్యులున్నారు. తప్పు ఎవరిదో వ్రేలెత్తి చూపుచున్నది. నాడాను నిందించినచో ఎవ్వరును నొచ్చుకొనరు. అందుచేతనే కాబోలు కచేరివారికి సైతము రెడ్ టేపను మాట ప్రియమైనది.

తప్పును ఇంకొకరిపైకి నెట్టుటను 'బక్కు దాటించుట' యందురు. పేకాటనుండి వచ్చినది. పంచువాని వంతు ఎవరిదో గుర్తుకై ముందు పెట్టు వస్తువు బక్కు. జింకకొమ్ము పిడిగల కత్తిని అట్లు పెట్టెడివారని కొందఱందురు. వంతు వలదన్నవాడు దానిని ప్రక్కవానికి జరుపును. అమెరికా అధ్యక్షుడు హారీ ట్రూమన్ ఈ బక్కు తనయొద్ద నిలిచిపోవునని ప్రకటించు పలక నొకదానిని తన బల్లపై నుంచుకొనెను. 1945 అక్టోబరులో ఒక మిత్రు డాయనకు పంపిన కానుక యది. ఓక్లహోమాలోని ఎల్ రీనో చెఱసాలలో దానిని చేయించిరి. బాధ్యతను గుఱించి లోకమంతయు చెప్పుకొను ఆ పలక చెఱసాలలో తయారైనదని తెలిసినప్పుడు మాకు మరల త్రవ్వినచోట ఖైదీయే కనబడినాడు. మన పల్లెలలో ఈ పనిని తన మీది పేలు ఇంకొకరి మీద వేయుట యందురో, గోడమీది పిల్లి యందురో, ఊరికొక తీరు. అవి యన్నియు ఈ అర్థమునకు సరిగా కుదురవు, బలవంతపెట్ట నక్కఱయు లేదు.

ఉద్యోగము పోవుటను 'సంచి యిచ్చుట' యను మాట ఇంగ్లీషున నున్నది. పూర్వము వడ్రంగి, తాపీవాడు మొదలగువారు తమ పనిముట్లు తామే సంచిలో తెచ్చుకొని యజమానునియొద్ద ఉంచెడివారు. పని చాలించుమన్నప్పుడు సంచి చేతికిచ్చెడివారని చెప్పుదురు. 1611లో రాండల్ కాట్‌గ్రేవ్ ప్రకటించిన ఫ్రెంచి నిఘంటువుననే ఈ పలుకుబడి గలదు. (క్రొవ్వొత్తిని రెండు కొనల వెలిగించుట యను మాటయు నందే యున్నది. నేడు రాత్రింబవళ్ళు పనిచేయుట యని చెప్పుచున్నారు గాని, ఆదిని ఇది ఆస్తిని రెండుచేతుల తగులబెట్టు దుబారాగానికి చెప్పిన మాట. పనిచేయువాడు దుబారాగాడెట్లయ్యెనో!) అమెరికావారు సంచితో తృప్తిపడక, ఉద్యోగినుండి విముక్తి యను మాటయు తుపాకి ప్రేలుట యను మాటయు తమ భాషలో ఒక్కటే యగుటచేత శ్లేషించి, ఉద్యోగిని 'కాల్చితిమి' అనిరి.

మనవారు దీనికి ఉద్వాసన చెప్పుట యందురు. పూజ ముగిసిన పిమ్మట ఆవాహన చేసిన దేవతను మర్యాదతో సాగనంపు క్రియకు ఉద్వాసన యని పేరు. కొలువునుండి త్రోసివేయబడినవానికి ఈ మాట తగిలించుటలో మనవారి చమత్కారమంతయు నున్నది. ఆ వెక్కిరింతలోనే కొంత కనికరమును గలదు, నిన్నటివఱకు పూజలందుకొన్నవాడవు, ఇక లేచిరమ్మని. సర్కారు కాగితములలో మాత్రము పారసీమాట 'బర్తరఫు' చిరకాలము నడచినది. రైతులకును అది తెలిసిన మాటయే.

కాని యిప్పటి వర్తకసంఘములవారు సంచి యనరు, కాల్చుట యనరు. 'నిన్ను పోనిచ్చుచున్నాము' అందురు. వాడేదో పోవుటకు తొందరపడుచుండగా వీరు దయదలచి గేటు తెఱచినట్లు! అమెరికాలో కొలువు చేయుచున్న తెలుగు యువకులకు ఈ మాట ఒక ఉదయమున కంప్యూటరు తెరపై కనబడును. హెచ్-1బి అనుమతిపై నున్నవాడు అటుపిమ్మట సామాన్యముగా 60 దినములలోగా వేఱొక యజమానిని చూచుకొనవలెను, లేదా మఱియొక మార్గము వెదకుకొనవలెను, లేదా ఆ దేశము విడువవలెను. 2017 జనవరినుండి అమలులోనున్న నియమమిది. ఇల్లు అద్దెకున్నది, బిడ్డ బడిలో నున్నది, ఇక్కడ తండ్రి అప్పు తీరలేదు, గడియారము నడచుచున్నది. పోనిచ్చుచున్నామను మృదుభాషణము వెనుక ఆ చెక్కపట్టె మరల కనబడుచున్నది. ఇట్టి యుత్తరము నొకదానిని ఆ యువకుని తండ్రికి మేమే చదివి వినిపింపవలసి వచ్చినది. పోనిచ్చిరన్న మాట వినగానే ఆయన "సెలవిచ్చారన్న మాట, పండక్కి వస్తాడు" అని సంతోషించెను. ఆ ముఖము చూచుచు తక్కిన వాక్యములు చదువుట మాకు కష్టమైనది.

ఇచ్చిపుచ్చుకొనుటలు లేకపోలేదు. సుఖమైన కొలువును ఇంగ్లీషువారు 'కుషీ జాబ్' అందురు. ఆ కుషీ మన దేశపు ఖుషీయే, సిపాయిల నోట పలికి మొదటి ప్రపంచయుద్ధకాలమున వ్యాపించినది. వారి కచేరులలోని 'చిట్' మన చీటియే. 1886లో యూల్, బర్నెల్ పండితులు ఇట్టి మాటలతో పెద్ద నిఘంటువునే నింపిరి. వారి భాషకు సుఖమును మనమిచ్చితిమి, మన కచేరులకు నాడాను వారిచ్చిరి. 'డూ ది నీడ్‌ఫుల్' అని వ్రాయుచున్నందుకు మన గుమాస్తాలను నేటికిని నవ్వుచుందురు. ఆ మాట వారి వర్తకులయుత్తరములలోనిదే. వారు పాఱవేసిన కోటును మనము తొడుగుకొన్నందుకు మనకు కుట్టుపని రాదనుచున్నారు.

ఇప్పుడు మన కచేరి తెలుగు సంగతి. సి.పి. బ్రౌనుదొర 1852లో జిల్లా కచేరుల మాటలకు ప్రత్యేకముగా 'జిల్లా నిఘంటువు' ప్రకటించెను. తెలుగులో కలసిపోయిన హిందూస్థానీ, పారసీ, ఇంగ్లీషు మాటలకు మిశ్రభాషా నిఘంటువును గూడ కూర్చెను. తాఖీదు, దస్తరము, సిస్తు, జమాబంది, రాజీనామా, వాయిదా, ఈ మాటలు ఏ జాతివైనను రైతు నోట నలిగి తెలుగైనవి. పరదేశపు మాట చొరబడుటవలన తెలుగునకు చేటు లేదని బ్రౌనుదొర నిఘంటువులే సాక్ష్యము. చేటు తెచ్చునది మాటకాదు, మాటక్రింద లేని బ్రతుకు. వాయిదా పడినప్పుడు రైతు కోర్టుగుమ్మమున నిలిచి దాని యర్థమును కాళ్ళనొప్పులతో నేర్చుకొన్నాడు. పైపులైనను నేర్చుకొనుటకు వానికి అట్టి యవకాశమేది?

1966లో ఆంధ్రప్రదేశ అధికారభాషా చట్టము వచ్చినది. 1974లో అధికారభాషా సంఘమేర్పడినది, వావిలాల గోపాలకృష్ణయ్యగారు దానికి తొలి యధ్యక్షులై జిల్లాలు తిరిగిరి. 2014లో తెలంగాణము వేఱుపడిన పిమ్మట ఇప్పుడు తెలుగునకు రెండు ప్రభుత్వములున్నవి. చట్టమునకు కొఱత లేదు. చట్టము తెలుగున వ్రాయుమన్నది గాని, తెలుగున ఆలోచింపుమని ఏ చట్టమును చెప్పజాలదు. ఇంగ్లీషు నమూనాను ఎదుట పెట్టుకొని దింపిన తెలుగు, అర్జీదారునకు ఇంగ్లీషుకంటె ప్రమాదకరము. ఇంగ్లీషైనచో తనకు తెలియదని వానికి తెలియును. చదువుకొన్నవారియొద్దకు పరుగెత్తును. తెలుగైనచో తనకు తెలిసినదని భ్రమపడి, లేని గొట్టమునకు భయపడి, ఉన్న హక్కును పోగొట్టుకొనును.

ఈ రోగమునకు పండితులు చెప్పు మందు మఱియొక రోగము. ఆ దినమున పఠనమందిరములో నున్న యొక భాషాభిమాని పైపులైనునకు బదులు 'నాళికాంతర్గతము' అని వ్రాసియుండవలసినదని సెలవిచ్చిరి. రైతు ఆయనవంక చూచిన చూపు మాకు జ్ఞప్తియున్నది. మా వ్రాతయు గ్రాంథికమే గదా యని పాఠకులు ఆక్షేపింపవచ్చును. నిజమే. కాని మా సంపాదకీయము అర్థము కాకున్న ఎవ్వరి పొలమును పోదు. తాఖీదట్టిది కాదు. అర్జీదారునకు పోవు ప్రతి కాగితమును పంపుటకు ముందు ఆ కచేరి బంట్రోతు చేతికిచ్చి చదివింపవలెననియు, అతడు దానిని తన మాటలలో తిరుగ చెప్పలేకున్న మరల వ్రాయింపవలెననియు మా సూచన. దీనికి సంఘములక్కఱలేదు, ఖర్చును లేదు. రెండు ప్రభుత్వములలో ఏ కలెక్టరుగారైనను తమ జిల్లాలో రేపటినుండియే దీనిని ప్రారంభింపవచ్చును. ఇంగ్లీషు నేర్పు బళ్ళవారును, పిల్లలచే ఈ పలుకుబడులను వల్లెవేయించునప్పుడు, ఆండర్సన్‌విల్లి చెక్కపట్టెను పిట్‌హోల్ బండివాండ్రను ఒక్కసారి చెప్పిన బాగుండును. రేపు తమపై ప్రయోగింపబడనున్న మాటల బరువు ఆ పిల్లలకు ముందుగా తెలియును.

ఆ రైతునకు మేము కాగితము వెనుక ఇట్లు వ్రాసియిచ్చితిమి: మీ అర్జీ కచేరిలోనే యున్నది, ఇంకను ఏమియు తేల్చలేదు, మీ పొలములో గొట్టము వేయుట లేదు. ఆయన కూడబలుకుకొని చదివికొనిరి. రెండవమాఱును చదివిరి.

"ఈ ముక్క వాళ్ళే రాసుంటే నాకు బస్సు చార్జీ మిగిలేది గదండీ" అనిరి. గుమ్మముదాక పోయి వెనుదిరిగి, "ఇంతకీ ఎన్నాళ్ళకి తేలుస్తారంటారు?" అని యడిగిరి.

కాగితమును మరల త్రిప్పి చూచితిమి. దాని సంగతి అందులో లేదు.